పైన్ నీడలో సర్గి మొక్క

అరకు దారిలో కొండ మీద పైన్ తోటలు మీరు చూసే ఉంటారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు అక్కడ కార్లు ఆపుకొని ఫొటోలు దిగుతారు. చెట్లన్నీ తాడు పట్టి నాటినట్టు వరుసల్లో నిలబడి ఉంటాయి. కింద సూదుల్లాంటి ఎండాకు పరుపులా పేరుకొని ఉంటుంది. "పైన్ కింద గడ్డి కూడా మొలవదు" అని మన పెద్దవాళ్లు అంటారు. నేనూ చాలాకాలం బడిలో పిల్లలకు అదే చెప్పాను. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఒక అమ్మాయి ఆ ఎండాకును కర్రతో పక్కకు నెట్టి, "సార్, ఇది నేరేడు కదా" అంది. నిజంగానే నేరేడు. జానెడు ఎత్తు. కొంచెం అవతల ఉసిరి, ఇంకొంచెం అవతల నల్లమద్ది. పుస్తకంలో లేనిది ఆ పిల్ల చూసింది, నేను చూడలేదు.

ఆ రోజు నుంచి నా మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. మనుషులు ఒక చెట్టును తెచ్చి వేలల్లో నాటుతారు. దాని మధ్యలో ఎవరూ నాటని మొక్కలు లేస్తాయి. ఆ లేచిన మొక్కకు దస్త్రాల్లో పేరేమిటి? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, దాని వెనక మన జాతుల చరిత్రలో పెద్ద ముక్కే ఉంది. ఆ ముక్క దొరకాలంటే శబరి దాటి అటువైపు, బస్తర్ వెళ్లాలి.

చింతూరు, కుంట వైపువాళ్లకు బస్తర్ పరాయి ఊరు కాదు. ఇటు కోయలు, అటు దోర్లలు, మురియాలు, మాడియాలు. పెళ్లి సంబంధాలు, సంతలు, కొలుపులు అన్నీ సరిహద్దు గీతకు అటూ ఇటూ నడిచినవే. అడవిలో మాత్రం ఒక తేడా ఉంది. గోదావరి, ఇంద్రావతి వైపు దిగేకొద్దీ టేకు, మద్ది, బండారు కలిసిన అడవి. జగదల్‌పూర్ చుట్టూ, ఉత్తరాన, తూర్పున సాల్ అడవి. దాన్ని తెలుగులో గుగ్గిలం చెట్టు అంటారు. హల్బీ మాట్లాడేవాళ్లు సర్గి అంటారు. నేనూ ఈ వ్యాసంలో సర్గి అనే రాస్తాను, ఎందుకంటే ఆ చెట్టు నీడన బతికినవాళ్ల మాట అది.

సర్గి ఆకు విస్తరి అవుతుంది, దొప్ప అవుతుంది. జిగురు ధూపం అవుతుంది. గింజ నుంచి నూనె తీస్తారు, చాక్లెట్ చేసే కంపెనీలు కూడా ఆ నూనె వాడతాయి. పుల్ల పలుతోము పుల్ల. మాను ఇంటి దూలం. చెట్టు కిందా, చుట్టూ ఇప్ప, తునికి, మొర్రి, కరక్కాయ, దుంపలు, పుట్టగొడుగులు. తొలకరి తర్వాత సర్గి వేళ్ల దగ్గర పుట్టే పుట్టగొడుగు కోసం బస్తర్ సంతల్లో జనం ఎగబడతారు. అంటే సర్గి అడవి ఒక చెట్టు పేరు మాత్రమే. లోపల ఉండేది పూర్తిగా ఒక ఊరి కొట్టుగది.

ఇప్పుడు ఆ చెట్టు ఎలా పుడుతుందో చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాత కథ అర్థం కాదు. సర్గి కాయకు ఐదు రెక్కలుంటాయి. సరిగ్గా తొలకరి ముందు, జూన్‌లో, గాలికి గిరగిరా తిరుగుతూ రాలుతుంది. ఆ గింజకు ప్రాణం వారం పది రోజులే. ఆలోగా వాన పడి నేల తడిస్తే మొలుస్తుంది, లేదంటే పోయినట్టే. మొలిచిన మొక్క కూడా నేరుగా పైకి లేవదు. వేసవిలో ఎండకో, నిప్పుకో పైభాగం మాడిపోతుంది. వాన పడగానే అదే వేరు నుంచి మళ్లీ చివురు. మరుసటేడు మళ్లీ మాడుతుంది, మళ్లీ చివురు. ఇలా ఏళ్లు గడుస్తాయి. పైన చూస్తే ఏటా అదే జానెడు మొక్క. లోపల మాత్రం వేరు లావెక్కుతూ ఉంటుంది. తగినంత బలం కూడాక, పైన వెలుతురు దొరికిన ఏడాది, ఆ మొక్క ఒక్కసారిగా నిప్పుకు అందని ఎత్తుకు లేస్తుంది. మానును నరికినా మొద్దు నుంచి పిలకలు వేస్తుంది.

బ్రిటిష్ కాలపు అటవీ అధికారులకు ఈ మాడిపోవడం ఒక పెద్ద చిక్కుముడి. దెహ్రాదూన్ అటవీ పరిశోధనా సంస్థలో ఆర్.ఎస్. హోల్ అనే వృక్షశాస్త్రవేత్త 1910ల నాటి నుంచి సర్గి మొలకల మీదనే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. ఇంకో తమాషా ఉంది. అడవిలో నిప్పు పెడుతున్నారని మనవాళ్లను కేసుల్లో ఇరికించి, జరిమానాలు వేసి, నిప్పును పూర్తిగా ఆపించిన చోట, ముఖ్యంగా బెంగాల్, అస్సాం తేమ అడవుల్లో, కొన్నేళ్లకు సర్గి మొలకలే తగ్గిపోయాయి. నిప్పు లేక కింద పచ్చి పొదలు కమ్ముకొని సర్గి పిల్లలకు వెలుతురు అందలేదు. చివరికి శాఖవారే మళ్లీ అదుపులో ఉండే నిప్పు పెట్టవలసి వచ్చింది. దీన్ని బట్టి ఎవరు ఎప్పుడు నిప్పు పెట్టినా మంచిదే అని నేను అనడం లేదు. ఇప్పటి ఎండలకు అలా అనడం తప్పు కూడా. కానీ అడవి గురించి తెలిసినవాడు ఒకవైపు, తెలియనివాడు ఇంకోవైపు అని చరిత్ర మనకు చెప్పిన పంపకం మాత్రం సరైనది కాదు.

బస్తర్ సంస్థానంలో అడవిని రిజర్వు చేసే పని 1900ల మొదటి దశకంలో ఊపందుకుంది. ఊళ్లను అడవి నుంచి వేరు చేసే గీతలు పడ్డాయి. 1910లో భూమ్‌కాల్ లేచింది. మామిడి కొమ్మలు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. గుండాధూర్ పేరు ఆ పోరాటంతోనే మనకు మిగిలింది. ఆ తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి, వెట్టి, పన్నులు, అధికారుల జులుం. అడవి రిజర్వు వాటిలో ముఖ్యమైనది. ఆ కథ వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది కాబట్టి ఇక్కడ ఆపుతాను.

స్వాతంత్ర్యం తర్వాత ఆలోచన మారుతుందని అనుకున్నాం. మారలేదు. 1970లలో జాతీయ వ్యవసాయ కమిషన్ అడవుల మీద రాసిన నివేదికలు చదివితే ఈ సంగతి బోధపడుతుంది. 1972 మధ్యంతర నివేదిక మనిషి నాటే అడవులు కావాలంది. పూర్తి నివేదిక 1976లో వచ్చింది. సహజంగా పెరిగిన కలగాపులగం అడవి ఆదాయం ఇవ్వదు, దాన్ని తీసేసి పరిశ్రమకు పనికొచ్చే చెట్లను వరుసల్లో నాటాలి, అడవి దగ్గర జనానికి ఉచితంగా అటవీ సరుకు ఇవ్వడమే అడవి నాశనానికి దారితీసింది, ఇదీ దాని ధోరణి. బ్యాంకు అప్పు తెచ్చుకోవడానికి వీలుగా రాష్ట్రాల్లో అటవీ అభివృద్ధి సంస్థలు పుట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ, మధ్యప్రదేశ్‌లోనూ 1975లోనే అవి ఏర్పడ్డాయి. మన గోదావరి లోయలో జామాయిల్ తోటలు ఎకరాల కొద్దీ పరుచుకోవడానికి మూలం ఆ ఆలోచనలోనే ఉంది.

బస్తర్‌కు మాత్రం ఎంచినది జామాయిల్ కాదు, పైన్. హిమాలయాల్లో పెరిగే చిర్ పైన్ కూడా కాదు. క్యూబా, బహామాస్, హోండురాస్ వైపు పెరిగే కరీబియన్ పైన్. కారణం కాగితం. వెదురు గుజ్జులో నార పొట్టిది, పైన్ నార పొడవైనది. గట్టి కాగితానికి పొడవు నార కావాలి. ప్రపంచ బ్యాంకు సాయంతో, దాదాపు 20,000 హెక్టార్ల సహజ సర్గి అడవి స్థానంలో ఈ పైన్ నాటాలని పథకం తయారైంది. తర్వాత గుజ్జు మిల్లు కూడా రావాలి. అధికారుల లెక్కలో సర్గి నెమ్మదిగా పెరిగే చెట్టు, పైన్ తొందరగా పెరిగే చెట్టు. లెక్క అంతే.

పైన్‌కు ఒక గుణం ఉంది. దాని వేళ్లకు ఒక రకం బూజు తోడు కావాలి. ఆ బూజే మట్టిలోంచి సారం తీసి వేరుకు అందిస్తుంది. అది లేని నేలలో పైన్ మొక్క పసుపెక్కి గిడసబారిపోతుంది. అందుకని ఎన్నో దేశాల్లో కొత్తగా పైన్ వేసేటప్పుడు పాత పైన్ తోటల మట్టిని తెచ్చి నర్సరీ మడుల్లో కలిపారు. చెట్టు ఒక్కటే రాదు, దాని నేలను కూడా వెంట తెచ్చుకుంటుంది. సర్గికీ ఇలాంటి బూజు తోడే ఉంది. తొలకరికి వచ్చే ఆ పుట్టగొడుగు అందులో భాగమే. సర్గిని తీసేస్తే పుట్టగొడుగు కూడా పోతుందని బస్తర్ ఆడవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఇక తోట వేసే పని సంగతి. ఏ దేశంలోనైనా ఇది ఒకే తీరుగా ఉంటుంది. ముందు ఉన్న చెట్లన్నిటినీ నరుకుతారు. కలప పోగా మిగిలిన కంపను తగలబెడతారు. గుంటలు తీస్తారు. వానలకు మొక్క పెడతారు. అప్పుడు మొదలవుతుంది అసలు పని, కలుపు. నేల అంతా వెలుతురు పడింది కదా, పాత అడవి ఊరుకోదు. మొద్దుల నుంచి పిలకలు వస్తాయి. తునికి వేరు ఎంత దూరం పాకితే అంత దూరం కొత్త మొక్కలు లేపుతుంది. మోదుగ కూడా అంతే. నేలలో దాగిన గింజలు మొలుస్తాయి. పిట్టలు నేరేడు గింజ తెస్తాయి, దుప్పులు ఉసిరి గింజ తెస్తాయి, గబ్బిలాలు ఇప్పను మోసుకొస్తాయి. మొదటి మూడు నాలుగేళ్లు తోటలో నాటిన మొక్క కంటే నాటని మొక్కలే బలంగా ఉంటాయి. కొన్నేళ్ల వేరు బలం ఉన్న సర్గి పిలకతో, నర్సరీ సంచిలోంచి వచ్చిన మొక్క ఎక్కడ పోటీ పడుతుంది? అందుకే ఏడాదికి రెండు మూడు సార్లు కలుపు తీయిస్తారు.

ఆ కూలి ఎవరు? మనమే. మన ప్రాంతంలో జామాయిల్, టేకు తోటల్లో కలుపుకు వెళ్లిన ఆడవాళ్లను అడగండి. మొర్రి మొక్క అని తెలుసు, ఉసిరి అని తెలుసు, చేత్తో పట్టుకుంటే మనసు ఒప్పదు, కానీ కొడవలి ఆపితే కూలి రాదు. మస్తరు రోల్‌లో ఆ పని పేరు "కలుపు తీత". ఊరి కొట్టుగదిలోని సరుకంతా ఆ ఒక్క మాట కింద పోయింది. మనుషుల విషయంలో కూడా ఇలాంటి మాటలు వాడారని గుర్తుచేస్తాను. రిజర్వు గీత లోపల తరతరాలుగా ఉన్న ఊరు "ఆక్రమణ" అయింది.

బస్తర్ పథకం చివరికి అనుకున్నట్టు సాగలేదు. ప్రయోగపు నాట్లు పడ్డాయి, కానీ అడవి నరుకుతారన్న కబురు ఊళ్లలో పాకింది, అభ్యంతరాలు లేచాయి. 1960ల చివర బస్తర్ కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ ప్రభుత్వం లోపలి నుంచే దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆదివాసుల బతుకంతా సర్గి మీద ఆధారపడి ఉందనీ, దాన్ని తీసి పైన్ పెడితే వాళ్లకు మిగిలేది కూలి పనే అనీ ఆయన వాదన. ఆయనే తర్వాత 1986 నుంచి షెడ్యూల్డ్ కులాలు, తెగల కమిషనరుగా ఉన్నారు. 1980ల మొదట్లోనే ఈ పైన్ పథకాన్ని వదిలేశారు. మన ఉద్యమాల చరిత్రలో గెలుపులు తక్కువ, అందుకే ఇది పిల్లలకు చెప్పాలి. అయితే పూర్తి గెలుపు అనుకోకండి. పైన్ ఆగింది గానీ, అడవి మీద పెత్తనం మారలేదు.

దాదాపు అదే కాలంలో సింగ్‌భూమ్‌లో హో, ముండా ప్రజలు ఇదే గొడవను ఇంకా తీవ్రంగా ఎదుర్కొన్నారు. అక్కడ సర్గి తీసి టేకు పెట్టారు. 1978 నుంచి జనం టేకు మొక్కలను పీకారు, తోటలను నరికారు. సాల్ అంటే జార్ఖండ్, టేకు అంటే బీహార్ అనే మాట ఊరూరా పాకింది. 1980 సెప్టెంబరు 8న గువాలో పోలీసు కాల్పులు జరిగి ఆదివాసులు చనిపోయారు. రెండు చెట్ల మధ్య పోటీ అనుకున్నది అక్కడ ప్రాణాల మీదకు వచ్చింది.

ఈ ఘర్షణల ఛాయ చట్టంలోనూ పడింది. 1980 అటవీ సంరక్షణ చట్టాన్ని 1988లో సవరించినప్పుడు, కొత్త చెట్లు నాటడం కోసమని సహజంగా పెరిగిన చెట్లను తొలగించాలన్నా కేంద్రం అనుమతి కావాలని చేర్చారు. అదే ఏడాది వచ్చిన జాతీయ అటవీ విధానం, పరాయి దేశపు చెట్లను తేవాలంటే ముందు దీర్ఘకాల పరీక్షలు జరగాలనీ, స్థానిక మొక్కలకూ పర్యావరణానికీ చేటు లేదని తేలాలనీ చెప్పింది. బస్తర్, సింగ్‌భూమ్ పేర్లు ఆ కాగితాల్లో ఉండవు. కానీ చదివేవాళ్లకు కనిపిస్తాయి.

ఇంతవరకు చెప్పింది వింటే పైన్ చెట్టే శత్రువని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత వేరే దేశాల సంగతులు చదివాక కొంత దిద్దుకోవలసి వచ్చింది. ప్యూర్టోరికో ద్వీపంలో ఏరియల్ లూగో అనే శాస్త్రవేత్త పైన్ తోటలనూ, వాటి పక్కన సహజంగా పెరిగిన అడవినీ పోల్చి 1992లో ఒక పరిశోధన ప్రచురించాడు. మన బస్తర్‌కు తేవాలనుకున్న ఆ కరీబియన్ పైనే. ఆ తోటల నీడలో స్థానిక చెట్ల మొక్కలు లేస్తున్నాయని ఆయన చూపాడు. ఉగాండాలోని కిబాలే అడవిలో ఇంకా స్పష్టంగా కనిపించింది. అక్కడ 1950ల నుంచి గడ్డి మైదానాల్లో పైన్, సైప్రస్ నాటారు. ఆ గడ్డిలో ఏటా నిప్పు పడుతుంది కాబట్టి అడవి మొక్క బతకలేదు. పైన్ నీడ పడ్డాక గడ్డి చచ్చింది, నిప్పు తగ్గింది. పక్క అడవిలోంచి పిట్టలు, కోతులు, జంతువులు గింజలు తెచ్చాయి. పైన్ కోతకు వచ్చేసరికి కింద అడవి పిల్ల సిద్ధంగా ఉంది.

ఈ రెండు కథలనూ కలిపి చదవాలి. ఎక్కడ నాటారన్నదే అసలు విషయం. గడ్డి నేల మీద, అడవి పోయిన చోట, పైన్ దాదిలా పనిచేసింది. ఉన్న అడవిని నరికి నాటితే అది దాది కాదు. రెండోది, దగ్గరలో తల్లి అడవి మిగిలి ఉండాలి, గింజ మోసే పిట్టా జంతువూ ఉండాలి. మూడోది, కలుపు పేరుతో కొడవలి పడకూడదు, వేసవిలో ఎండాకు అంటుకోకూడదు. పైన్ ఆకులో జిగురు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు, కింది మొక్కలు బూడిదే. ఈ తేడాలు చెప్పకుండా "తోట వేస్తే అడవి దానంతటదే వస్తుంది" అనేవాళ్ల మాట నమ్మకండి. "తోటలో ఏదీ మొలవదు" అన్న నా పాత పాఠాన్ని కూడా నమ్మకండి.

కిబాలే గురించి ఇంకో మాట. అడవి తిరిగి వచ్చిందని రాసే పుస్తకాల్లో ఇది పక్కకు పోతుంది. 1992లో ఆ అడవిని ఆనుకున్న జంతువుల దారిలో స్థిరపడిన వేలమందిని ప్రభుత్వం ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. 1993లో అది జాతీయ పార్కు అయింది. చెట్లు మళ్లీ లేచాయి. మనుషులను ఎవరూ మళ్లీ రానివ్వలేదు. అడవి పునరుద్ధరణ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

మన ఊళ్లకు వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)లో చాలా హక్కులు ఉన్నాయి. పోడు పట్టా గురించి అందరికీ తెలుసు, దాని కోసమే తిరుగుతాం. అదే సెక్షన్‌లో 'ఐ' అక్షరం దగ్గర ఇంకోటి ఉంది. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుజ్జీవింపజేసే, నిర్వహించుకునే హక్కు గ్రామసభ జనానిది. పునరుజ్జీవనం అన్న మాట చట్టంలోనే ఉంది. అంటే తోట మధ్యలో తనంతట తాను లేచిన మొర్రిని కలుపు అనాలా, అడవి అనాలా అన్న ప్రశ్నలో ఊరికీ నోరుంది. 2016 నుంచి పరిహార వనీకరణకు వేరే చట్టం వచ్చింది, గనులకూ ప్రాజెక్టులకూ పోయిన అడవికి బదులు చెట్లు నాటడానికి డబ్బు ఉంది. ఆ నాట్లు ఎక్కడ పడతాయి? "ఖాళీ" అని రాసిన నేల మీద. ఆ ఖాళీ నేలను వెళ్లి చూస్తే కొన్నిచోట్ల మన బీడు పోడు ఉంటుంది. పోడు వదిలిన మూడో ఏడాది నేల ఖాళీగా కనిపించేది కొలత టేపుతో వచ్చినవాడికే. వంగి చూసేవాళ్లకు తునికి, మోదుగ, మద్ది పిలకలు లెక్కకు మించి ఉంటాయి.

అందుకని నా తోటి పంతుళ్లను ఒకటి అడుగుతాను. మీ బడి దగ్గర పైన్, జామాయిల్, టేకు, సిల్వర్ ఓక్ ఏ తోట ఉన్నా సరే, ఏడాదికి ఒకసారి వానల తర్వాత పిల్లలను తీసుకెళ్లండి. పది అడుగుల చదరం తాడుతో గీయండి. లోపల నాటని మొక్కలు ఏమున్నాయో లెక్కపెట్టించండి. పేరు ముందు కోయలోనో, కువిలోనో, కొండదొరల మాటలోనో, మీ ఊళ్లో ఏది ఉంటే అందులో రాయించండి, తెలుగు తర్వాత. పిల్లలకు తెలియని మొక్కను ఇంటికి తెచ్చి అవ్వను అడగమనండి. గింజతో వచ్చిందా, వేరు నుంచి లేచిందా, మొద్దు పిలకా అన్నది తవ్వకుండానే అవ్వ చెబుతుంది. ఆ నోటుపుస్తకాన్ని పారేయకండి. గ్రామసభలో సామూహిక హక్కు దరఖాస్తు రాసే రోజు అది పనికొస్తుంది.

మా పిల్లల పుస్తకం మూడో ఏట పడింది. ఈ వానాకాలం మళ్లీ వెళ్లాం. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, దారి తనే చూపించింది. నేరేడు మొక్కను ఎవరో మొదలంటా కొట్టేశారు. వంగి చూస్తే మొద్దు పక్కన రెండు ఎర్ర చివుళ్లు. ఎత్తు కొలిచి, తేదీ వేసి, "నాలుగు వేళ్లు" అని రాసుకుంది.